ఈ రాత్రి మీ యింట వంట ఏమి?

సాయంకాలము పశువులు ఇల్లు చేరు వేళకు పల్లెలో ఏ వీధిలో నడచినను వినబడు మాట ఒకటి కలదు: "రాత్రికేం చేస్తున్నావు?" ఇరుగమ్మ పొరుగమ్మను అడుగును. చేటలో బియ్యము ఏరుచు ఒకరు, రోటిలో పచ్చడి నూరుచు ఒకరు బదులు చెప్పుదురు. ఒకరింటి పులుసు గిన్నెలో మరియొకరింటికి పోవును. ఇది ఆడవారి ముచ్చట యని మగవారు దాటిపోవుదురు.

వ్యవసాయాధికారిగా నేనును కొన్ని యేండ్లు అట్లే దాటిపోతిని. విత్తనమెంత, ఎరువెంత, ఎకరాకు దిగుబడి యెంత అని రైతును అడిగితినేగాని, ఆ దిగుబడిలో పొయ్యి మీదకు వచ్చినది ఎంత అని ఒక్క యింటను అడుగలేదు. ఇప్పుడు తప్పక అడుగుచున్నాను. ఎందుకు అడుగుచున్నానో ముందు చెప్పెదను.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తము తక్కువ. తెలంగాణాలో స్త్రీలు నూటికి 58 మంది, పిల్లలు నూటికి 70 మంది. అనగా పది యిండ్లలో తల్లులను చూచినచో ఐదారుగురికి ఒంటిలో చాలినంత రక్తము లేదు. వారిలో ధాన్యము, పప్పు, కూర పండించు ఇండ్లవారే ఎందరో కలరు.

ఈ లెక్క నాకు కాగితము మీదనే తెలియలేదు. మా అమ్మ మూడేండ్లు ఆయాసపడుచు, మెట్లెక్కలేక, "వయసు మీద పడింది నాయనా" అనుచుండెను. ఊరిలో ఆరోగ్య శిబిరము పెట్టినప్పుడు పరీక్ష చేయగా ఆమె రక్తములో హిమోగ్లోబిను 7 గ్రాములే యున్నది. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తక్కువ యుండరాదు. మాది కంది, వేరుశనగ పండించు ఇల్లు. అందరము తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలిన అన్నములో ఊరగాయ కలుపుకొని ఆమె తినెడిది. అది నేను చిన్నప్పటి నుండి చూచినదే. వ్యవసాయ శాస్త్రము చదివి పట్టా పుచ్చుకొన్న నాకు అందులో తప్పు కనబడలేదు.

అయిదిండ్లు, అయిదు వంటలు

మొన్న పుష్యమాసములో అనంతపురము జిల్లా మెట్ట గ్రామము ఒకదానికి పోయితిని. కంది నూర్పిళ్ళు ముగియుచున్నవి. దీపాలు పెట్టు వేళ ఒకే వీధిలో అయిదు ఇండ్ల ముందు నిలిచి, ఆ యింటి అమ్మలను ఒకే ప్రశ్న అడిగితిని.

మొదటి యింట: "ఏముంది సార్, అన్నం, చారు. ఊరగాయ ఉండాది." ఆ యింటి వసారాలో నాలుగు మూటల కందులు గోడకు ఆనించి యున్నవి. "ఇంట్లో ఇన్ని కందులు ఉన్నవి గదమ్మా, పప్పు లేదా?" అని అడిగితిని. "అవి పొద్దన్నే బండికెత్తాల సార్. పప్పు అంగట్లో తెచ్చుకోవాల. నెలాఖరు గదా" అని చెప్పినది. ఆమె నిండు నెలల గర్భిణి.

రెండవ యింట ఒక అవ్వ పొయ్యి ముందు కూర్చున్నది. "సంగటి కెలికినా నాయనా. పితికిపప్పు పులుసు చేసినా. ఇంత తినిపో." అనపకాయల కాలము గనుక గింజలు నానబెట్టి, తోలు పితికి, పులుసు పెట్టినది. చేని గట్టున వేసిన తీగలవే ఆ గింజలు.

మూడవ యింట అన్నము, వంకాయ కూర. "మా పిల్లోడు కూర ముట్టడు సార్. అంగట్లో పొట్లం కొనుక్కున్యాడు, దాంతోనే కడుపు నింపుకొంటాడు." పిల్లవాని చేతిలో ఉప్పు, కారము, నూనె దట్టించిన చిరుతిండి పొట్లము.

నాల్గవ యింట పెనము మీద జొన్నరొట్టె. "రొట్టె తడ్తాండా సార్. మెంతాకు పప్పు చేసినా. చెనక్కాయల ఊరిబిండి ఉండాది."

అయిదవ యింటివారు కూలిపని చేయువారు. సెంటు భూమి లేదు. "పొద్దు గూకినాక వచ్చినాం సార్. నాలుగు గుడ్లు తెచ్చి పులుసు పెడ్తాండా. అన్నం ఉడుకుతాండాది."

ఈ అయిదు వంటలలో ఏది మేలు? ఖర్చును బట్టి చూచినను, బలమును బట్టి చూచినను అవ్వ యింటి సంగటి, నాల్గవ యింటి రొట్టె ముందు నిలుచును. భూమి లేని అయిదవ యింటి గుడ్డుపులుసు తరువాత నిలుచును. నాలుగు మూటల కందులు గల మొదటి యిల్లు అన్నిటికన్న వెనుకబడినది. ఇది వింతగా తోచవచ్చును. కాని మన పల్లెలలో ఇట్టి ఇండ్లు చాల కలవు.

ఏ పదార్థములో ఏమి కలదు?

మన దేహమునకు ముఖ్యముగా మూడు పనులకు ఆహారము కావలెను. పని చేయుటకు శక్తి, కండ పెరుగుటకు మాంసకృత్తులు, రక్తము ఎముక మొదలగువానికి లవణములు, విటమినులు. అన్నము శక్తినిచ్చును. తక్కినవి అన్నము ఒక్కటే ఈయజాలదు.

నూరు గ్రాముల పాలిషు బియ్యములో మాంసకృత్తులు 8 గ్రాములు మాత్రమే. కందిపప్పులో 22 గ్రాములు, వేరుశనగ గింజలో సుమారు 24 గ్రాములు ఉండును. అంతేకాదు. ధాన్యములలోని మాంసకృత్తులలో లైసిన్ అను అంశము కొరవడును. పప్పుధాన్యములలో అది సమృద్ధిగా నుండును. పప్పులలో కొరవడు మరియొక అంశము ధాన్యములలో కలదు. రెండును ఒకే పూట కలిపి తిన్నచో ఒకదాని లోటును మరియొకటి తీర్చును. మూడు పాళ్ళు ధాన్యమునకు ఒక పాలు పప్పు చొప్పున తినుట మంచిది. పప్పన్నము, రొట్టె పప్పు, సంగటి పులుసు అను జతలు మన పెద్దలు అనుభవముచే కనుగొన్నవి. శాస్త్రము వానిని సమర్థించుచున్నది.

రాగిని చూడుడు. నూరు గ్రాముల రాగులలో ఎముకలకు కావలసిన కాల్షియము సుమారు 360 మిల్లీగ్రాములు కలదు. అంతే బియ్యములో 10 మిల్లీగ్రాములు కూడ లేదు. ఎదుగు పిల్లకు, బాలింతకు రాగిసంగటి తక్కువ వంటకము కాదు. పట్నములో రాగి జావను డబ్బాలలో కొని త్రాగుచున్నారు.

ఆకుకూరల సంగతి. తోటకూర, మునగాకు నూరు గ్రాములలో నాలుగున్నర మిల్లీగ్రాములకు పైగా ఇనుము, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలవు. పాలిషు బియ్యములో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడ లేదు. రక్తము పుట్టుటకు ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము అను విటమిను కావలెను. అదియు ఆకులలో నుండును. 1895లో భీమవరమున జన్మించిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తన బృందముతో 1945లో ఈ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిరి. నేడు గర్భిణులకు ఇచ్చు మాత్రలలో ఇనుముతో పాటు ఉండునది ఇదియే.

ఇక కూలివారి గుడ్డు. ఒక్క గుడ్డులో ఆరేడు గ్రాముల మేలైన మాంసకృత్తులు కలవు. ఆకులలోను, పప్పులలోను దొరకని బి-12 విటమిను గుడ్డు, పాలు, మాంసము, చేపలలో లభించును. గుడ్డు తినని వారు రోజూ పాలో, పెరుగో తప్పక తినవలెను.

తెల్లని అన్నము ఒక్కటే ఎట్లు మిగిలినది?

వట్టి తెల్లబియ్యపు అన్నముతో వచ్చు ముప్పు మన తెలుగువారికి క్రొత్త కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి భాగములో ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలి యుండెడిది. కాళ్ళు తిమ్మిరెక్కుట, ఒళ్ళు ఉబ్బుట, గుండె బలహీనమగుట దాని లక్షణములు. మరలో బాగుగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమును తినుటయే దానికి కారణమని, తవుడుతో పాటు బి-1 విటమిను పోవుచున్నదని పరిశోధకులు తేల్చిరి. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఆ వ్యాధి అరుదు. వడ్లను ఉడికించునప్పుడు విటమిను గింజ లోనికి ఇంకుటయే అందులకు కారణము. కూనూరులో 1918లో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన పరిశోధనాలయములో ఈ విషయము మీద ఎంతో కృషి జరిగినది. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందినది.

రాయలసీమ కథ వేరు. ఇచ్చట వరి తక్కువ. కొర్ర, రాగి, జొన్న, ఆరికె పండించి తినెడివారు. పండుగనాడే తెల్లన్నము. తరువాత వేరుశనగ విస్తరించి చిరుధాన్యముల చేలను ఆక్రమించినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది. ఆ బియ్యము ఎన్నో కుటుంబములను ఆకలి నుండి కాపాడినది. దానిని తక్కువ చేసి చెప్పరాదు. కాని చౌకగా బియ్యము దొరకుటతో దంచుట, విసరుట అను శ్రమ గల కొర్రలు, రాగులు ఇంటి నుండి తప్పుకొన్నవి. వానితో పాటు సాళ్ళ నడుమ వేయు అలసంద, అనుము, పెసరయు తగ్గినవి. కడుపు నిండినది, ఒంటికి కావలసినవి మాత్రము కొరవడినవి. బియ్యమును మానుడని నేను చెప్పుట లేదు. బియ్యము ప్రక్కన ఏమి యున్నదని అడుగుచున్నాను.

ముందు ఇంటికి, తరువాత అంగడికి

మొదటి యింటి కందుల మూటల యొద్దకు మరల వత్తము. ఈ లెక్క ప్రతి రైతు తన చేతివ్రేళ్ళ మీద వేసికొనవచ్చును.

ఇంటిలో అయిదుగురు ఉన్నారనుకొనుడు. మనిషికి రోజుకు 40 గ్రాముల కందిపప్పు చొప్పున 200 గ్రాములు. ఏడాదికి 73 కిలోలు. నూరు కిలోల కందులను విసరినచో 70 కిలోలకు పైగా పప్పు వచ్చును. అనగా ఒక్క క్వింటాలు కందులు ఉంచుకొన్నచో ఏడాది పొడవున ప్రతి దినము ఇంటిలో పప్పు ఉడుకును. మనిషికి దినమునకు పప్పు, గుడ్డు, మాంసము కలిపి 85 గ్రాములు ఉండవలెనని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలు చెప్పుచున్నవి. అందులో సగము కందులతోనే తీరును. తక్కినది ఉలవలు, అలసందలు, పెసలు, గుడ్లతో పూరించవచ్చును.

పంట చేతికి వచ్చిన దినములలో అందరును ఒక్కసారి అమ్ముదురు గనుక ధర తగ్గియుండును. అమ్మిన కందులే పప్పుగా మారి, రవాణా, మిల్లు, దుకాణము ఖర్చులు కలుపుకొని ఎక్కువ ధరకు మన యింటికే తిరిగి వచ్చును. ధర పెరిగిన నెలలలో మొదట తగ్గించునది ఆ పప్పునే. అప్పు తీర్చుటకు అమ్మక తప్పని మాట నిజమే. కాని నాలుగు మూటలలో ఒకటి ఇంటికి ఉంచి మూడు అమ్మినను ఆ క్వింటాలు విలువ ఎటును పోదు. కొనుగోలు ఖర్చు మిగులును.

నిలువ చేయు విధము: కందులను కొరికిన 'కటుక్కు'మను వరకు ఎండబెట్టవలెను. చల్లారిన తరువాతనే మూట కట్టవలెను. విసరి పప్పుగా నిలువ చేసినచో పుచ్చు తక్కువ. కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున వంటనూనె పట్టించి, మూత బిగుతుగా నుండు డబ్బాలో పోసిన పురుగు గ్రుడ్లు పెట్టదు. మూటలను నేల మీద గాక చెక్కల మీద, గోడకు జానెడు ఎడముగా నుంచవలెను. తినుటకు ఉంచిన గింజలకు పురుగుమందు పొడులు ఎన్నటికిని కలుపరాదు.

పాల విషయమును ఇంతే. పొద్దున, సాయంకాలము చుక్క మిగులకుండ కేంద్రమునకు పోయు ఇండ్లు కలవు. ఇంటిలో పిల్లలు, గర్భిణులు ఉన్నచో వారి పాలు ముందు తీసి, మిగిలినవి పోయుడు.

వంటలో పోవునది, వంటలో నిలుచునది

ఇంటిలో సరకు ఉన్నను, వండు తీరులో కొంత పోవును. ఈ క్రింది విషయములను ఇంటివారితో కలిసి చదువుడు.

1. బియ్యమును రెండు మారులకు మించి కడుగవద్దు. నాలుగైదు మారులు పిసికి కడిగినచో బి-1 విటమిను నీటితో పోవును.

2. గంజి వార్చుటకన్న అత్తెసరు పెట్టుట మేలు. వార్చు అలవాటు ఉన్నచో గంజిని పారబోయక చారులోనో, పిల్లల జావలోనో వాడుడు.

3. ఆకుకూరలను ముందు కడిగి తరువాత తరుగవలెను. తరిగి కడిగిన సారము పోవును. మూత పెట్టి, కొద్ది నీటితో, తక్కువ సేపు ఉడికించుడు.

4. ఆకులలోని ఇనుము దేహమునకు పట్టుట కష్టము. పులుపు తోడైన సులభముగా పట్టును. పప్పుకూరపై నిమ్మరసము పిండుకొనుడు. ఉసిరికాయ, జామపండు, టమాటా కూడ పనికివచ్చును.

5. అన్నము తినుటకు గంట ముందు, తిన్న తరువాత గంట వరకు టీ, కాఫీ త్రాగరాదు. అవి ఇనుమును పట్టనీయవు. రాత్రి పొలమునకు నీరు కట్టబోవు రైతు తిన్న వెంటనే టీ త్రాగుట మన ప్రాంతములో అలవాటు. మానుట మంచిది.

6. ఉలవలు, అలసందలు ముందురోజు రాత్రి నానబెట్టి, మొలక వచ్చిన తరువాత వండినచో తేలికగా జీర్ణమగును. వానిలోని లవణములు బాగుగా ఒంటబట్టును. కొర్రబియ్యమును నాలుగైదు గంటలు నానబెట్టి వండుడు.

7. అయొడిను కలిసిన ఉప్పును మూత గల సీసాలో పొయ్యికి దూరముగా ఉంచుడు.

రెండు ముఖ్యమైన జాగ్రత్తలు

మొదటిది వేరుశనగ. ఊరిబిండి మన యింటి బలము. కాని అమ్మగా మిగిలిన నాసి గింజలను, ముడుతలు పడి రంగు మారినవానిని ఇంటికి ఉంచుకొనుట పెద్ద పొరపాటు. పచ్చని బూజు పట్టిన గింజలలో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండులో ఇట్టి వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినందున ఈ విషము సంగతి లోకమునకు తెలిసినది. ఇది కాలేయమును చెరచును. వేయించినను, ఉడికించినను పూర్తిగా పోదు. కావున కాయలను పీకిన వెంటనే గలగల శబ్దము వచ్చు వరకు ఎండబెట్టుడు; తడి యున్న కాయలను కుప్ప వేయకుడు. వంటకు ముందు గింజలు ఏరి, చెడ్డవానిని పారవేయుడు. పశువులకు కూడ పెట్టరాదు.

రెండవది చేనికూరలు. కలుపు తీయబోయిన స్త్రీలు గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, గలిజేరు ఆకులను ఒడిలో తెచ్చి వండుట అనాదిగా కలదు. విత్తకయే లభించు మంచి ఆహారమది. కాని నేడు చేలలో కలుపు మందులు, పురుగు మందులు చల్లుచున్నారు. మందు చల్లిన చేనిలోని ఆకు, దాని గట్టు మీది ఆకు కోయరాదు. ఏ చేనిలో ఎన్నడు మందు చల్లినది రైతు కూలికి వచ్చిన అమ్మలకు ముందుగా చెప్పవలెను. ఇది రైతు బాధ్యత. ఒక మూల కొంత చోటును మందు తగలకుండ విడిచినచో ఆ కూరలు నిర్భయముగా వాడుకొనవచ్చును.

ఒక సెంటులో కూరతోట

అయిదుగురు గల ఇంటికి మనిషికి నూరు గ్రాముల చొప్పున రోజుకు అర కిలో ఆకుకూర కావలెను. ఇంటి వెనుక, జలకాలాట నీరు పారు చోట ఒక సెంటు, అనగా సుమారు 40 చదరపు మీటర్ల స్థలము ఉన్నచో చాలవరకు తీరును. బోరు యొద్ద ఒక మూలయైనను చాలును. సబ్బు నీరు నేరుగా ఆకుకూర మళ్ళలోనికి పోనీయక అరటి, బొప్పాయి పాదులకు మళ్ళించుడు.

స్థలమును చిన్న మళ్ళుగా చేసి, పశువుల ఎరువు వేయుడు. తోటకూర గింజలు బహు సన్నము. సన్నని ఇసుకతో కలిపి పలుచగా చల్లవలెను. 25 నుండి 30 రోజులలో కోతకు వచ్చును. అన్ని మళ్ళు ఒకేనాడు విత్తక, వారమునకు ఒక మడి చొప్పున విత్తినచో ఏ వారమును కూర లేకుండ ఉండదు. చలికాలములో మెంతి, పాలకూర, కొత్తిమీర. వానకాలములో గోంగూర, బచ్చలి వేయుడు. కంచె పొడవున అనుము, చిక్కుడు తీగలు ప్రాకించుడు. ఒక మూల మునగ, ఒక మూల కరివేపాకు, ఒక బొప్పాయి, ఒక నిమ్మ నాటుడు. పెరియకుళములో రూపొందించిన పి.కె.యం.-1 రకపు మునగ గింజ నాటిన ఆరేడు నెలలకే కాయును.

పొలములో వేరుశనగ వేయువారు 7 లేక 11 సాళ్ళకు ఒక సాలు కంది వేయుడు. వానలు ముందు తప్పినను కంది వేరు లోతుగా పోవును గనుక కొంతయైనను చేతికి వచ్చును. గట్ల మీద అలసంద, అనుము మరువకుడు. ఒక కుంట రెండు కుంటలలో ఇంటికి మాత్రము కొర్ర వేయుడు. నంద్యాల పరిశోధనా స్థానము విడుదల చేసిన సూర్యనంది రకము 80 రోజులలోపే కోతకు వచ్చును.

వారమునకు రాత్రి వంటల పట్టిక

"రోజూ ఏమి చేయవలెనో తోచదు" అని అమ్మలు చెప్పుదురు. మెట్ట ప్రాంతములో ఇంటి సరకులతోనే చేయదగిన ఏడు రాత్రుల వంటలు ఈ క్రింద ఇచ్చుచున్నాను. మీ ఊరి పంటను బట్టి మార్చుకొనుడు.

సోమవారము: అన్నము, తోటకూర పప్పు, నిమ్మబద్ద, మజ్జిగ.
మంగళవారము: జొన్నరొట్టె, మెంతికూర పప్పు, వేరుశనగ ఊరిబిండి.
బుధవారము: కొర్రన్నము, ఉలవచారు, గోరుచిక్కుడు కూర.
గురువారము: అన్నము, గోంగూర పప్పు, పెరుగు.
శుక్రవారము: రాగిసంగటి, పితికిపప్పు పులుసు, అనపకాయల కాలము కానప్పుడు అలసందల పులుసు.
శనివారము: అన్నము, మునగాకు పెసరపప్పు, టమాటా పచ్చడి, మజ్జిగ.
ఆదివారము: రాగిసంగటి, గుడ్డుపులుసు లేక కోడికూర, తినని వారికి పప్పు, పెరుగు.

చిరుతిండి పొట్లము కోరు పిల్లవానికి వేయించిన వేరుశనగలు, బెల్లము, జామకాయ చేతికిచ్చి చూడుడు. నాలుగు దినములు మారాము చేయును, అయిదవనాడు తినును. కూర తినని పిల్లవానిచే ఒక మడి విత్తించుడు. తాను నీరు పోసిన మడిలోని కూరను వాడు వదలడు.

కడపట తినునది ఎవరు?

ఇంత చెప్పి దీనిని చెప్పకున్న వ్యర్థము. పప్పు వండినను, కూర వండినను, అది ఎవరి కంచములోనికి ఎంత వచ్చినది? అత్తమామలు, భర్త, పిల్లలు తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలినది ఇల్లాలికి వచ్చుచున్నంత కాలము, మన యిండ్లలో రక్తహీనత తగ్గదు. రెండు మార్గములు కలవు. అందరును ఒక్క పంక్తిన కూర్చుండి తినుట ఉత్తమము. అది కుదరని యింట, వడ్డన మొదలుపెట్టక ముందే ఆమె పాలు కూర, పప్పు వేరుగా తీసి మూత పెట్టవలెను. ఈ పని ఇంటి యజమాని చేయవలెను. ఆమె తనంత తాను చేసికొనదు.

ఒక హెచ్చరిక. రక్తము మిక్కిలి తక్కువగా నున్నవారికి కూరాకుల తోడనే సరిపోదు. గర్భిణులకు 11 గ్రాములకు, ఇతర స్త్రీలకు 12 గ్రాములకు తక్కువయైనచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు తీసికొని విడువక మ్రింగవలెను. పొలములో చెప్పులు లేక నడచువారికి కొంకి పురుగులు పాదముల గుండ చేరి రక్తమును పీల్చును. చెప్పులు, మరుగుదొడ్డి కూడ రక్తమును కాపాడునవే.

గ్రామోద్యోగులకు మనవి

గ్రామ వ్యవసాయ సహాయకులు, పంచాయతీ కార్యదర్శులు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఈ పనిలో చేయదగినది చాల కలదు. పంట నమోదు చేయునప్పుడు రైతును మరియొక ప్రశ్న అడుగుడు: "ఇంటికి ఎంత ఉంచుకొన్నారు?" నూర్పిళ్ళ కాలములో పప్పుధాన్యముల నిలువను గూర్చి ఒక సమావేశము జరుపుడు, దానికి ఆడవారిని ముందుగా పిలువుడు. పాఠశాల ఆవరణలో, అంగన్‌వాడీ వెనుక ఒక్కొక్క కూరమడి వేయించుడు. కొర్ర, రాగి మరపట్టు సౌకర్యము ఊరిలో లేనిచో స్వయం సహాయక బృందములతో మాట్లాడుడు. చిరుధాన్యములు వంటింటికి రాకపోవుటకు దంచు శ్రమయే పెద్ద అడ్డంకి.

ఒక నెల తరువాత ఆ ఊరికి మరల పోయితిని. మొదటి యింట మూడు మూటలు అమ్మిరి. ఒకటి చెక్క మీద నున్నది. ఆ యింటి కోడలు ప్రసవించి, ఆడబిడ్డనెత్తుకొని వసారాలో కూర్చున్నది. పొయ్యి యొద్ద ఆమె భర్త నిలిచి యున్నాడు. అలవాటు చొప్పున "ఈ రాత్రి వంట ఏమి?" అని అడిగితిని. అతడు కొంచెము సిగ్గుపడి, "మునగాకు పప్పు సార్. దానికి తీసిపెట్టినా" అని మూత పెట్టిన గిన్నెను చూపించెను.

రైతు సోదరులారా! ఈ సంచికను మూసి ఇంటిలోనికి పోయినప్పుడు మీరును ఒక్కమారు పొయ్యి వైపు చూడుడు. కుండలో ఏమి ఉడుకుచున్నదో అడుగుడు. మీరు పండించినది అందులో ఎంత కలదో లెక్కించుడు. వండిన ఆమె కంచములోనికి అది ఎంత వచ్చునో కూడ చూడుడు. లోటు కనబడినచో ఈ నెలలోనే ఒక మడి విత్తుడు. వచ్చు పంటలో ఒక మూట ముందుగా ఇంటికి తీయుడు.